పంట పండని ఇసుక

శ్రీహరికోట చరిత్ర అనగానే మనవాళ్లు 1969 దగ్గర మొదలుపెడతారు. తూర్పు తీరాన రాకెట్ కేంద్రానికి విక్రమ్ సారాభాయ్ చోటు వెతికించడం, 1971 అక్టోబరు 9న రోహిణి-125 అనే చిన్న రాకెట్ ఎగరడం, 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3 సముద్రంలో పడిపోవడం, 1980 జూలై 18న అదే రకం రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టడం, ఇదీ వరస. అంతకుముందు అక్కడేముందని అడిగితే ‘ఏముంటుంది, ఇసుకా చిట్టడవీ’ అని తేల్చేస్తారు. అసలు చరిత్ర ఆ తేల్చేసిన మాటలోనే ఉంది. ఒక పక్క బంగాళాఖాతం, మరో పక్క పులికాట్ సరస్సు, చెన్నపట్నానికి ఎనభై కిలోమీటర్ల దూరం, శతాబ్దాల తరబడి ఓడలు తిరిగిన తీరం. అలాంటి చోట నలభై మూడు వేల ఎకరాల దీవి ఇరవయ్యో శతాబ్ది దాకా ఊళ్లతో, పొలాలతో నిండకుండా ఎందుకుండిపోయింది? ఖాళీగా ఉందన్నది నిజమేనా, లేక లెక్క రాసేవాళ్ల కంటికి అక్కడున్నది ఆనలేదా? దీనికి సాక్ష్యం కోసం శాసనాలు, కైఫీయతులు వెతకొచ్చు. నేను మాత్రం వానలు వెనకబట్టాక ఆ తడి ఇసుకలో తేలి, ఎండలు ముదిరేలోగా విత్తనం రాల్చి చచ్చిపోయే ఒక చిన్న మొక్కను సాక్షిగా పిలుస్తాను. దాని పేరు డ్రోసెరా. అది పురుగుల్ని పట్టి తింటుంది. ఆ మొక్కకు పురుగుల్ని తినవలసిన గతి పట్టించిన కారణమే, ఈ దీవికి ఇలాంటి చరిత్రను కట్టబెట్టిందని నా వాదన.

ముందు మొక్కను దగ్గరగా చూద్దాం. శాస్త్రజ్ఞులు డ్రోసెరా బర్మానీ అనే రకం ఇంచుమించు రూపాయి బిళ్లంత ఉంటుంది. ఆకులు నేలకంటుకుని గుండ్రంగా పరుచుకుంటాయి. ఒక్కో ఆకు మొదట్లో సన్నగా ఉండి కొసన వెడల్పవుతుంది. ఎండ బాగా తగిలితే మొక్క మొత్తం ఎర్రబారుతుంది. ఆకు మీదంతా నూగు, ఆ నూగు కొసల్లో జిగురు బొట్లు. చీమో దోమో వచ్చి వాలిందంటే కాళ్లు అంటుకుపోతాయి. ఆకు అంచున ఉన్న పొడుగాటి నూగు కొద్ది సెకన్లలోనే లోపలికి వంగి దాన్ని ఆకు నడిమికి నెడుతుంది. డ్రోసెరాల్లో ఇంత చురుకైనవి తక్కువ. తర్వాత జీర్ణరసాలు ఊరతాయి, నాలుగు రోజులకు పురుగు డొల్ల మాత్రం మిగులుతుంది. దీని బంధువు డ్రోసెరా ఇండికా జానెడు దాకా నిలువునా పెరుగుతుంది, దారాల్లాంటి ఆకులు, గులాబి రంగు పూలు. నీరు నిలిచిన గుంటల్లో యుట్రిక్యులేరియా ఉంటుంది. దాని తిత్తులు నీటిలోని సూక్ష్మజీవుల్ని లోపలికి పీల్చేసుకోవడానికి సెకనులో వందో వంతు కూడా పట్టదు. ఈ మొక్కలన్నీ పచ్చనివే, ఎండలో తమ పిండిపదార్థం తామే వండుకుంటాయి. వాటికి కొరవడేది నత్రజని, భాస్వరం. నేలలో దొరకనిది పురుగుల ఒంట్లోంచి లాక్కుంటాయి. 1875లో చార్లెస్ డార్విన్ కీటకాహార మొక్కల మీద పుస్తకం వేసేనాటికే డ్రోసెరా ఆకుల మీద మాంసం ముక్కలు, అమ్మోనియా లవణాలు పెట్టి, నత్రజని ఉన్నవాటికే అవి గట్టిగా స్పందిస్తాయని చూపించాడు. మూడేళ్లకు ఆయన కొడుకు ఫ్రాన్సిస్, తిండి పెట్టిన మొక్కలు పెట్టనివాటి కన్నా ఎక్కువ విత్తనం ఇస్తాయని లెక్కతో తేల్చాడు. అంటే డ్రోసెరా మొలిచిన చోట నేల పేదదని భూసార పరీక్ష లేకుండానే చెప్పొచ్చు. తిరుమల కొండల మీద నీళ్లూరే రాతి నేలల్లో ఇది కనిపించేదీ అందుకే. అక్కడ నేల రాయి, ఇక్కడ ఇసుక. లేమి ఒక్కటే.

ఇక్కడ వృక్షశాస్త్రం తెలిసినవాళ్లు ఒక అభ్యంతరం చెప్పొచ్చు. నేల పేదరికమే కారణమైతే, కీటకాహార మొక్కల్లో అందరూ ఎరిగిన కూజా మొక్క, అదే నెపెంథిస్, శ్రీహరికోటలో ఎందుకు లేదు? ఆకు కొసన కూజా వేలాడదీసి, మూత పెట్టి, అడుగున నీళ్లు నింపి పురుగుల్ని ముంచి తినే ఆ మొక్కకూ పేద నేలే కావాలిగా? ఈ ప్రశ్న న్యాయమైనదే. జవాబు సముద్రం అవతల సింహళంలో దొరుకుతుంది. 1737లో యోహన్నెస్ బర్మన్ అనే డచ్చి పండితుడు ఆమ్‌స్టర్‌డామ్‌లో సింహళపు మొక్కల మీద పెద్ద గ్రంథం అచ్చువేశాడు. మన ఇసుకలోని చిన్న డ్రోసెరాకు 1794లో వాల్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఆయన పేరే పెట్టాడు. డ్రోసెరా ఇండికాకు, సింహళపు కూజా మొక్కకు 1753లో లిన్నేయస్ పేర్లు పెట్టింది కూడా ఆ దీవి నుంచి వెళ్లిన సరుకు ఆధారంగానే. ఇలా పశ్చిమ దేశాల పుస్తకాల్లోకి మూడూ ఒకే రేవులోంచి వెళ్లాయి. కానీ కూజా మొక్క సింహళంలోనే నైరుతి మూల తడి ప్రాంతం దాటి రాదు, ఆ దీవిలోనే ఎండు ప్రాంతంలో కనిపించదు. భారతదేశంలో ఉన్న ఒకే ఒక్క నెపెంథిస్, ఖాసియానా, మేఘాలయలోని ఖాసి, జైంతియా, గారో కొండలకే పరిమితం. 1873లో వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ హుకర్ దానికి పేరు పెట్టాడు, మరుసటేడు బెల్‌ఫాస్ట్‌లో జరిగిన శాస్త్రజ్ఞుల సభలో కూజాల జీర్ణశక్తి మీద ప్రసంగించాడు. ఆగ్నేయాసియాలోని తన జాతివాళ్లందరికీ దూరంగా, పాత వంశపు చివరి కొమ్మలా మిగిలిపోయిన విచిత్రమైన మొక్క అది. అంతర్జాతీయ వ్యాపారంలో అమ్మకూడని మొక్కల మొదటి జాబితాలో ఉంది. దాని కూజాకు ఏడాది పొడుగునా గాలిలో తేమ కావాలి, గాలి పొడిబారితే కూజా కట్టదు. శ్రీహరికోటలో వానల్లో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు లోపు వాయుగుండాలతో కురిసిపోతుంది, మిగతా నెలలు ఉప్పుగాలి, ఎండ. అలాంటి చోట నాలుగు తడి నెలల్లో పుట్టి పెరిగి పోగలిగిన మొక్కే బతుకుతుంది. కాబట్టి కూజా మొక్క లేకపోవడం నా వాదనను కొట్టెయ్యదు, సరిచేస్తుంది. ఇక్కడి లేమి రెండు రకాలు. నేలలో సారం లేదు, ఆ నేలకు నిలకడైన నీరు లేదు.

ఈ రెండు లేములూ కలిస్తే రైతు ఏం చేస్తాడు? దూరంగా ఉంటాడు. సముద్రం వెనక్కు తగ్గుతూ ఒకదాని పక్కన ఒకటి పేర్చిపోయిన ఇసుక గట్లు, గట్ల మధ్య పల్లాలు, ఇదీ దీవి అమరిక. గట్టు మీద పడ్డ వాన నిమిషాల్లో ఇంకిపోతుంది, దాంతోపాటు ఉన్న కాస్త సారమూ కిందికి దిగిపోతుంది. పల్లంలో మాత్రం వానాకాలం నీరు పైపైనే నిలుస్తుంది, దొరువు తవ్వితే నాలుగడుగుల్లో తీపినీరు పడుతుంది. డ్రోసెరా మొలిచేది ఆ గట్టుకూ పల్లానికీ మధ్య తడి అంచున. వరి చెయ్యడానికి అక్కడ బంక మట్టి లేదు, కట్టవేసి చెరువు నిలుపుదామంటే నీరు నిలవదు. చెరువు లేని చోట నెల్లూరు సీమలో ఊరు కట్టడం అరుదు. ఎదురుగా సరస్సు అవతల సూళ్లూరుపేట, నాయుడుపేట వైపు చెరువుల కింద మాగాణి సాగుతుంటే, ఈ దీవి శిస్తు లెక్కల్లో అడవిగా, బంజరుగా మిగిలిపోయింది. సారం లేని నేల మీద అంత అడవి ఎలా పెరిగిందని అడగొచ్చు. పెరిగిన అడవిని చూస్తే జవాబు తెలుస్తుంది. పాల, నేరేడు, ముష్టి లాంటి చెట్లు, వాటికి అల్లుకున్న పేము, ముళ్ల పొదలు. ఆకులు చాలావరకు దళసరివి, ఏడాది పొడుగునా పచ్చగా ఉండేవి. ఏడాదికోసారి ఆకులన్నీ రాల్చి కొత్తవి తొడుక్కునే దుబారా ఈ నేల మీద కుదరదు. రాలిన కొద్దిపాటి ఆకు కుళ్లి మళ్లీ వేళ్లకే చేరాలి. అడవి తన సారం తానే దాచుకుని తిప్పుకుంటుంది, నేల దానికి కాలు మోపే చోటు మాత్రమే. చెట్లు కొట్టేసి దున్నితే మిగిలేది ఉత్త ఇసుక. నాగలి పట్టినవాడికి ఆ సంగతి తెలుసు గనకే దీవి నాగలిని తప్పించుకుంది.

అయితే పంట పండని నేల పనికిరాని నేల అనుకుంటే పొరపాటు. పొరపాటన్నది సిద్ధాంతం కాదు, పదిహేడో శతాబ్దపు వ్యాపారమే రుజువు. డచ్చివాళ్లు 1610 ప్రాంతాన పులికాట్‌లో కొట్టు పెట్టారు, తర్వాత కోట కట్టారు. ఇంగ్లీషువాళ్లు మద్రాసు కన్నా ముందు, 1626లో, దీవికి ఉత్తరాన దుగరాజపట్నంలో దిగారు. వాళ్లను ఈ తీరానికి లాగినది ప్రధానంగా బట్ట, అందులోనూ అద్దకం బట్ట, అందులోనూ ఎన్ని ఉతుకులకూ వెలవని ఎరుపు. ఆ ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది. చిరివేరు ఈ తీరపు ఇసుకలో పెరిగే చిన్న మొక్క, పైకి గడ్డిపోచలా కనిపిస్తుంది. దాని సొమ్మంతా నేలలోపల, సన్నగా పొడుగ్గా దిగే నారింజరంగు వేరులో ఉంటుంది. సామర్లకోటలో చాలాకాలం ఉన్న వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బరో 1795లో మొదలైన తన కోరమాండల్ మొక్కల గ్రంథం తొలి సంపుటంలోనే దీని బొమ్మ వేయించి, తోటలో సాగుచేసిన వేరు కన్నా ఇసుకలో తనంతట పెరిగిన వేరు పొట్టిదైనా రంగు ఎక్కువ, మేలైనదీ ఇస్తుందని రాశాడు. ఈ మాట నా వాదనకు ఆయువుపట్టు. సారవంతమైన నేలకు తీసుకొచ్చి ఎరువు వేసి పెంచితే మొక్క పెరిగింది, రంగు తగ్గింది. డ్రోసెరా లేమిని వేటతో పూడ్చుకుంటే, చిరివేరు లేమిలో తన రంగును గట్టిపరచుకుంది. పంట పండదని రైతు వదిలేసిన ఇసుక, నేతగాళ్లకూ అద్దకంవాళ్లకూ ఐరోపా ఓడలకూ కావలసిన సరుకును పండించింది. ఆ సరుకు నాగలికి లొంగే రకం కాదు, ఎవరో కూర్చుని ఒక్కో వేరూ తవ్వి తీయాల్సిందే.

తవ్వి తీసినవాళ్లు యానాదులనే గిరిజనులు. 1835లో ఈ దీవి ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం చేతికొచ్చినప్పుడు అధికారులకు అక్కడ కనిపించిన జనం వాళ్లే. కంపెనీ వాళ్లతో పెట్టుకున్న ఏర్పాటు చూస్తే నేల స్వభావం తెలిసిపోతుంది. పొలాల శిస్తు లేదు, అడవి సరుకు తెచ్చి ఇస్తే తిండిగింజలు, బట్టలు. చిరివేరు, తేనె, ముష్టిగింజలు, సుగంధిపాల, కుంకుడుకాయలు, చింతపండు వాళ్లు సేకరించేవాళ్లు. 1873 నాటి బాస్వెల్ నెల్లూరు జిల్లా మాన్యువల్‌లోనూ, దక్షిణ భారత కులాలు, తెగల మీద 1909లో వచ్చిన థర్‌స్టన్ సంపుటాల్లోనూ యానాదుల గురించి పేజీలకు పేజీలున్నాయి. అందులో చాలా భాగం వాళ్ల ముక్కుల కొలతలూ, దేవతల పేర్లూ. వాళ్లకు ఏ మొక్క ఎక్కడ ఎప్పుడు మొలుస్తుందో తెలుసన్న విషయం మాత్రం సరుకుల జాబితాగా కుదించుకుపోయింది. ఆ రాతల్లో మెచ్చుకోలు ఉంది, జాలి ఉంది, కానీ వ్యవసాయం చేయని మనిషిని పూర్తి మనిషిగా లెక్కకట్టే అలవాటు లేదు. ఆ కాలంలోనే జర్మనీలో రెండు సంఘటనలు చిరివేరు బతుకును తేల్చేశాయి. 1868లో గ్రేబే, లీబర్‌మన్ అనే రసాయన శాస్త్రజ్ఞులు, చిరివేరులో ఎరుపునిచ్చే అలిజరిన్ అనే పదార్థాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు, మరుసటేటికి కర్మాగారాలకు దారి దొరికింది. పదేళ్లు తిరక్కుండానే వేరు నుంచి ఎరుపు తీసే వ్యాపారం ప్రపంచమంతటా కూలిపోయింది. దీవిలోంచి బయటికి వెళ్లే సరుకు మారింది, ఇక కట్టెల వంతు. మద్రాసు ఊరు పెరుగుతోంది, రైళ్లు కూడా కట్టెల మీద నడిచిన రోజులవి. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు దాకా మొదలైన కాలువ అంచెలంచెలుగా ఉత్తరానికి సాగింది. 1876-78 కరువు పనుల్లో భాగాలు కలిసి బకింగ్‌హామ్ కాలువ అయింది. శ్రీహరికోట కట్టె పడవలెక్కి కాలువ వెంట మద్రాసు పొయ్యిలకు చేరింది. అడవి చాలక, తీరమంతా సరుగుడు నాటారు. సరుగుడు ఇసుకలో ఎలా బతికిందంటారా, దాని వేళ్ల బుడిపెల్లో ఉండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. అలా ఒకే లేమికి ఇదే ఇసుకలో మూడు రకాల ఉపాయాలు కనిపిస్తాయి. ఒకటి పురుగుల్ని తిన్నది, ఒకటి బాక్టీరియాతో పొత్తు పెట్టుకున్నది, దట్టమైన అడవి మాత్రం రాలిన ఆకును పారేసుకోకుండా దాచుకున్నది.

ఇక 1969. ఇక్కడ నాకు ఎదురయ్యే పెద్ద అభ్యంతరం భౌతికశాస్త్రానిది. రాకెట్ కేంద్రం శ్రీహరికోటకు వచ్చింది నేల పేదదని కాదు, అది తూర్పు తీరం కనక, భూమధ్యరేఖకు దగ్గర కనక. భూమి తిరిగే వేగం ఈ అక్షాంశంలో సెకనుకు సుమారు 450 మీటర్లు, తూర్పుగా వదిలితే ఆ వేగం ఉచితంగా కలిసొస్తుంది. విడిపోయిన దశలు పడడానికి ముందంతా సముద్రమే. 1963 నవంబరు 21న తొలి రాకెట్ ఎగిరిన తుంబా పడమటి తీరాన ఉంది, అక్కడినుంచి తూర్పుగా ఉపగ్రహాన్ని పంపాలంటే జనం నెత్తి మీదుగా పంపాలి. ఇదంతా నిజం, ఇందులో ఒక్క ముక్కా కాదనను. కానీ తూర్పు తీరం అంటే శ్రీహరికోట ఒక్కటే కాదుగదా. ఒరిస్సా నుంచి కన్యాకుమారి దాకా ఎన్నో చోట్ల సముద్రం తూర్పునే ఉంది. కృష్ణా, గోదావరి, కావేరి డెల్టాల ముంగిట కూడా సముద్రం ఉంది, అక్కడ నలభై వేల ఎకరాలు కావాలంటే ఎన్ని వందల ఊళ్లు లేపాలి? ఎన్ని పుట్ల ధాన్యం వదులుకోవాలి? దిక్కును భౌతికశాస్త్రం నిర్ణయించింది, చోటును నేల నిర్ణయించింది. సారాభాయ్ పంపగా స్థలం చూసిన ఇ.వి. చిట్నిస్‌కు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అంత త్వరగా అంత నేల చూపించగలిగిందంటే, అది పట్టాదారుల చేతుల్లో ముక్కలుగా లేకపోవడమే కారణం. బయటి ప్రపంచంలోనూ ఇదే తీరు. అమెరికా 1950లో తొలి రాకెట్ వదిలిన కేప్ కనావెరాల్ ఫ్లోరిడాలో ఒక ఇసుక తిన్నె. ఫ్రాన్స్ 1964లో ఎంచుకున్న కూరూ దక్షిణ అమెరికాలో ఫ్రెంచి గయానా తీరాన పల్చటి జనాభా ఉన్న పచ్చికమైదానాల మధ్య ఉంది. ఫ్లోరిడా తడి ఇసుకల్లో, గయానా తీరపు పచ్చికల్లో డ్రోసెరాలు, యుట్రిక్యులేరియాలు మామూలు మొక్కలు. రాకెట్లకూ ఈ మొక్కలకూ మధ్య మాయ సంబంధమేమీ లేదు, సేద్యం ఇద్దరికీ చోటు వదిలింది, అంతే. సోవియట్ రాకెట్లు ఎగిరిన బైకనూర్ ఎండు మైదానంలో పురుగుల్ని తినే మొక్కలు లేకపోవచ్చుగాక, పంట పండకపోవడం మాత్రం అక్కడా ఉంది. ఇటీవలి ఉదాహరణ కూడా ఇదే మాట చెబుతుంది. శ్రీహరికోట నుంచి దక్షిణంగా వదిలే రాకెట్ శ్రీలంకను తప్పించుకోవడానికి వంకర తిరిగి ఇంధనం పోగొట్టుకుంటుంది గనక, చిన్న రాకెట్ల కోసం తమిళనాడులో కులశేఖరపట్నాన్ని ఎంచుకుని 2024 ఫిబ్రవరి 28న శంకుస్థాపన చేశారు. తిరుచెందూరు పక్కన అదీ తేరి అనే ఎర్ర ఇసుక దిబ్బల ప్రాంతమే.

‘జనం లేని చోటు’ అన్న మాట దగ్గర మాత్రం కొంచెం ఆగాలి. డెల్టాతో పోలిస్తే జనం తక్కువే. లేకపోవడం, తక్కువుండడం ఒకటి కాదు. దీవిలో తరతరాలుగా ఉన్న యానాది కుటుంబాలు ఊళ్లు ఖాళీ చేయవలసి వచ్చింది. పట్టా ఉన్న రైతుకు పరిహారం లెక్కకట్టడం ప్రభుత్వానికి తెలుసు. ఎకరాకు ఇంత, చెట్టుకు ఇంత. తేనె, దుంప, పాలపండ్లు, సరస్సు చేప, పొయ్యికి పుల్ల, ఇవన్నీ ఒక్కచోట దొరికే బతుకుకు ఏ పట్టికలో ధర ఉంది? తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం నుంచి పునరావాస యానాదుల మీద వచ్చిన మానవశాస్త్ర పరిశోధన ఈ మార్పునే పట్టి చూపింది. అడవి మీద బతికినవాళ్లు కూలి మీద బతకవలసి వచ్చారు. నెల్లూరులో వెన్నెలకంటి రాఘవయ్య లాంటివాళ్లు దశాబ్దాలుగా యానాదుల కోసం సంఘం పెట్టి, పుస్తకం రాసి పోరాడుతున్నా, వాళ్ల గొంతు ఈ నిర్ణయం దాకా వెళ్లినట్టు కనబడదు. దేశానికి రాకెట్ కేంద్రం అవసరమే, కాదనేవాళ్లు తక్కువ. అవసరం నిజమైనంత మాత్రాన నేల ఖాళీ అన్న మాట నిజమైపోదు. సారం లేని నేలలో బతకడం నేర్చిన మొక్కను కలుపు అనీ, సారం లేని నేలలో బతకడం నేర్చిన మనిషిని సంచారి అనీ రాసుకున్న చేతులు ఒకటే. అందుకే ‘ఏమీ లేదు’ అన్న జవాబును నేను అంత తేలిగ్గా ఒప్పుకోలేను.

చివరగా ఒక వాదన తరచుగా వినిపిస్తుంది, అందులో సగం నిజం ఉంది. రాకెట్ కేంద్రం వచ్చి కంచె వేయడం వల్లే దీవి అడవి బతికిందంటారు. కంచె అవతల ఏమైందో చూస్తే ఒప్పుకోక తప్పదు. 1990ల మొదట్లో నెల్లూరు తీరమంతా రొయ్యల గుంటలు తవ్వారు. మేతా మందులూ కలిసిన నీళ్లు చుట్టుపక్కల నేలల్లోకి చేరాయి. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1996 డిసెంబరులో తీర్పు కూడా వచ్చింది. గుంటలు లేని చోట బోర్లు పడ్డాయి, బోరు వెంట యూరియా బస్తా వచ్చింది. తరతరాలుగా రైతును దూరం పెట్టిన ఇసుక మీద ఇప్పుడు వేరుశనగ, కూరగాయలు, తోటలు. రైతుకది మేలే, ఎవరూ తప్పుపట్టలేరు. డ్రోసెరాకు మాత్రం చావు, ఎందుకంటే నేలకు సారం రాగానే గడ్డి ఏపుగా లేచి అంగుళం ఎత్తు లేని మొక్కను కప్పేస్తుంది. సారం ఉన్న చోట పోటీపడే బలం దానికి లేదు. కాబట్టి కంచె లోపల ఎరువు పడకపోవడం దాని అదృష్టమే. మిగతా సగం దగ్గరే నాకు పేచీ. కంచె కాపాడేది అడవిని. అడవి మూసుకునేకొద్దీ ఎండ తగిలే తడి ఇసుక తగ్గుతుంది. అడవి దట్టమైతే గెలుపని సంతోషించే లెక్కలో డ్రోసెరా కనిపించదు. ఇంతకాలం దానికి చోటు తెరిచి ఉంచిందెవరు? వాయుగుండాలు కొంత, పశువుల గిట్టలు కొంత. చిరివేరు కోసం చలికాలమంతా పై ఇసుక తిరగేసిన యానాదుల తవ్వుగోల కూడా అందులో ఉందని నా ఊహ. ఊహే అయినా నిరాధారం కాదు. నెదర్లాండ్స్‌లో డ్రోసెరాలు అంతరించిన బీళ్లలో వాటిని మళ్లీ రప్పించడానికి ఎరువెక్కిన పై పొరను యంత్రాలతో చెక్కి ఎత్తేస్తారు. అడుగున దాగిన పేద ఇసుక బయటపడగానే, ఏళ్ల తరబడి మట్టిలో పడి ఉన్న విత్తనాలు మొలుస్తాయి. అక్కడ డబ్బు ఖర్చుపెట్టి చేయిస్తున్న పనిని ఇక్కడ ఒకప్పుడు గుప్పెడు గింజలకూ మూర గుడ్డకూ చేయించుకున్నారు. ఆ పని చేసినవాళ్లను, నేలకు వాళ్లతో పని లేదని 1969 తర్వాత బయటికి పంపారు.